చేప దవడ నుంచి చిలప దాకా

పొందూరులో నూలు వడికే ఆడవాళ్ల చేతిలో ముందుగా చూడాల్సింది రాట్నం కాదు, ఒక చేప దవడ. వాలుగ చేపది. పెద్ద నదుల్లో పెరిగే చేప అది, ఒంటిమీద పొలుసుండదు, నోరు మాత్రం బాగా వెడల్పు. దాని దవడ ఎముకని ఎండబెట్టి, అరచేతిలో ఇమిడే ముక్క చేసి, పట్టుకోవడానికి వీలుగా ఒక పుల్లకి కట్టుకుంటారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే దాని మీది పళ్లు కనిపిస్తాయి. సన్నగా, వాడిగా, దగ్గరదగ్గరగా, అన్నీ ఒకే వైపుకి వంగి ఉంటాయి. నోట పడ్డ చిన్న చేప వెనక్కి జారిపోకుండా ఆపడానికి ఏర్పడ్డ పళ్లవి. పట్టి ఆపుతాయే తప్ప నమలవు, తెంపవు. పత్తి పీచుని దువ్వే పనిముట్టుకి కావలసిన గుణం సరిగ్గా అదే.

ఈ ఊరి నూలు 100 కౌంటు దాటి 120 దాకా పోతుందని (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) విన్నవాళ్లు సాధారణంగా రాట్నం గురించీ, దాన్ని తిప్పే చేయి గురించీ అడుగుతారు. అడగాల్సినవే. కానీ పని మొదటినుంచీ దగ్గర కూర్చుని చూస్తే ఒక సంగతి తెలిసొస్తుంది. నూలు సన్నదనంలో సగానికి పైగా రాట్నం దగ్గరికి రాకముందే తయారైపోతుంది. దువ్వడంలో, గింజ తీయడంలో, ఏకు చుట్టడంలో జరిగిన ప్రతి జాగ్రత్తా కదురు మొన దగ్గర లెక్కకొస్తుంది. అక్కడ చేసే నిర్లక్ష్యాన్ని ఇక్కడ ఏ నేర్పూ దిద్దలేదు.

పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలసకి దగ్గరగా, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉంది. గాంధీ ఈ ఊరి సన్నటి ఖద్దరు గురించి విని, ఎలా చేస్తున్నారో చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ని పంపారని, తర్వాత తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో దాని గురించి రాశారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో వినోబా భావే వచ్చి దాని భవనానికి పునాది వేశారు. తెలుగువాళ్లకి ఇంకా సులువుగా గుర్తుండే సంగతి ఏమిటంటే, అక్కినేని నాగేశ్వరరావు మక్కువగా కట్టిన తెల్ల పంచెలు ఈ ఊరివే. చరిత్ర ఇంతటితో చాలు. పని దగ్గరికి పోదాం.

వడకడం ఇక్కడ ఆడవాళ్ల పని. ఎక్కువగా పట్టుసాలి కులం ఇళ్లలో తల్లి నుంచి కూతురికీ, అత్త నుంచి కోడలికీ వస్తూ ఉంది. బడి అంటూ లేదు. పొద్దుటి వంట, నీళ్లు, పిల్లలు తెమిలాక వసారాలో నలుగురో అయిదుగురో చేరతారు. ఒకామె దువ్వుతుంటుంది, ఒకామె గింజ తీస్తుంటుంది, ఇద్దరు రాట్నాల ముందు ఉంటారు. కొత్తగా నేర్చుకునే పిల్ల ఈ వరసలో ఎక్కడ కూర్చుంటుందో చూస్తే పని క్రమం అర్థమైపోతుంది. ఆమెని మొదటిరోజే రాట్నం ముందు కూర్చోబెట్టరు. ముందు పత్తి ఇస్తారు.

ఆ పత్తి బేళ్లలో వచ్చే మిల్లు పత్తి కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండే దేశవాళీ రకాలు: కొండ పత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తి. ఎర్ర పత్తితో నేసిన బట్ట ఏ రంగూ అద్దకుండానే లేత గోధుమ ఛాయలో ఉంటుంది. ఈ దేశవాళీ పత్తుల పీచు పొట్టి. మిల్లులో 100 కౌంటు నూలు తీయాలంటే బాగా పొడుగు పీచు పత్తి కావాలి, పొట్టి పీచుతో యంత్రం అంత సన్నగా తీయలేదు. ఆ పొట్టి పీచుతోనే ఈ వసారాలో కూర్చున్న ఆడవాళ్లు తీస్తున్నారు. ఇందులో మహిమ ఏమీ లేదు. ఎలా సాధ్యమో ఒక్కో మెట్టూ చూస్తే తెలుస్తుంది.

పత్తి ఇక్కడికి గింజతోనే వస్తుంది. మొదటి పని ఏరడం: ఆకు నలుసు, పురుగు పట్టిన తునక, పండని పీచు పక్కకి పోవాలి. తర్వాత దవడ. గింజని ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుంటారు. గింజ చుట్టూ పీచు అన్నివైపులకీ రేగి, ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటుంది. దవడ పళ్లని గింజ మొదట్లో ఆనించి బయటికి లాగుతారు. ఒకసారి కాదు, గింజని తిప్పుతూ అన్నివైపులా. పళ్ల వంపు పీచుని పట్టుకుంటుంది, పళ్ల సన్నదనం పీచుకీ పీచుకీ మధ్య దారి చేస్తుంది. చిక్కులు విడిపోతాయి. పొట్టి తునకలు, కంటికి ఆనని చెత్త పళ్ల మధ్య చిక్కుకుని దవడతో పాటు వచ్చేస్తాయి. దువ్వడం అయ్యేసరికి గింజ చుట్టూ పీచు తిన్నగా, ఒకే దిక్కుకి వాలి, మెత్తటి పట్టు కుచ్చులా నిలుస్తుంది.

గింజ తీయకముందే దువ్వుతారన్నది ఇక్కడ కిటుకు. పీచు ఒక కొసన గింజకి అతుక్కుని ఉంది కాబట్టి దువ్వేటప్పుడు అది జారిపోదు. గింజే పట్టు అవుతుంది. గింజ తీసేసిన పత్తిని దువ్వితే పీచు ఎటు లాగితే అటు పోతుంది, తెగుతుంది, మళ్లీ ముద్ద కడుతుంది. మిల్లుల్లో గింజ తీయడం ముందు, దువ్వడం తర్వాత. అక్కడ వేగం ముఖ్యం కాబట్టి ఆ వరస తప్పదు. వేగంతో తిరిగే మర గింజ నుంచి పీచుని పీకుతుంది, ఆ పీకుడులో కొంత పీచు తెగుతుంది. అసలే పొట్టిగా ఉన్న పీచు ఇంకా పొట్టిదైతే దానితో సన్నటి పోగు ఆశించలేం. పొందూరు ఆడవాళ్లు పీచుకి ఉన్న కొద్ది పొడుగునీ ఒక్క పిసరు పోనివ్వకుండా కాపాడతారు. తర్వాత వచ్చే ప్రతి మెట్టులోనూ వాళ్లు చేసేది అదే.

దవడతో దువ్వడం ఒక్క పొందూరుదే కాదు. ఢాకాలో నేసిన మస్లిన్ అనే సన్నటి బట్ట గురించి 19వ శతాబ్దంలో జేమ్స్ టేలర్ అనే బ్రిటిష్ వైద్యుడు వివరంగా రాసిపెట్టాడు. అందులో ఢాకా ఆడవాళ్లు పత్తిని దువ్వడానికి బోయాలి చేప దవడ వాడేవారని ఉంది. ఆ బోయాలీ, మన వాలుగా ఒకే చేప. రెండు చోట్లా దేశవాళీ పత్తే, రెండు చోట్లా గింజతో ఉండగానే దువ్వడం, రెండు చోట్లా ఆడవాళ్ల చేతులే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తేల్చడానికి నా దగ్గర ఆధారం లేదు, తేల్చాల్సిన అవసరమూ కనపడదు. నది దగ్గర బతికే మనుషులు, ముట్టుకుంటే తెగే పీచు, దాన్ని తెంపకుండా దువ్వే పనిముట్టు కోసం వెతుకులాట, ఇవి ఉన్నచోట ఆ దవడ కంటపడకుండా ఉండదు. ఢాకాలో ఆ పని ఈస్టిండియా కంపెనీ పాలనలో చితికిపోయింది. పొందూరులో దవడ ఇంకా చేతిలో ఉంది. ఎముక కాబట్టి కొన్నాళ్లకి పళ్లు అరిగిపోతాయి, మళ్లీ కొత్తది కావాలి. రాజమండ్రి వైపు గోదావరి జాలర్ల నుంచి తెప్పించుకుంటారు. ఇనుప దువ్వెన ఎందుకు వాడరని అడిగేవాళ్లుంటారు. ఇనుముకి పళ్ల మొనలు ఎంత నునుపు చేసినా ఏదో ఒక గరుకు మిగులుతుంది, ఆ గరుకే పీచుని కోస్తుంది. ఎముక పన్ను కోయదు.

దువ్విన పత్తి నుంచి గింజ తీయడానికి ఒక చెక్క పీట, ఒక సన్నటి ఇనుప కడ్డీ చాలు. గింజ పత్తిని పీట మీద పరిచి, కడ్డీని రెండు చేతులతో దాని మీద ముందుకి దొర్లిస్తారు. కడ్డీ కింద పీచు అణుగుతుంది, లావుపాటి గింజ అణగదు, కడ్డీ ముందుకి జరిగేకొద్దీ అదీ ముందుకి జారి చివరికి పీచుని వదిలి బయటపడుతుంది. గింజ పగలకూడదు. పగిలితే దాని నూనె మరక పీచుకి అంటుతుంది, పొట్టు నలుసులు పీచులో కలిసిపోతాయి, ఆ నలుసు ఉన్నచోటే రేపు పోగు తెగుతుంది. కాబట్టి కడ్డీ మీద పెట్టే బరువు చేతికి తెలియాలి. చాలకపోతే గింజ కదలదు, ఎక్కువైతే పగులుతుంది. నేర్చుకునే పిల్ల చాలా రోజులు ఇక్కడే ఉంటుంది.

గింజ పోయిన పత్తిని పుల్లతో తేలిగ్గా కదిపి వదులు చేసి, తర్వాత చిన్న విల్లుతో ఏకుతారు. ఊళ్లలో పరుపుల దూది ఏకే పెద్ద విల్లు చూసినవాళ్లకి ఇది చేతిలో ఇమిడే చిన్నదిగా కనిపిస్తుంది. నారిని పత్తికి ఆనించి మీటితే ఆ అదురు పీచులోకి పోతుంది. ఎవరూ లాగకుండానే, ఆ అదురుకి పీచు తనంతట తానే విడిపోయి పొంగుతుంది. కడ్డీ కింద అణిగిన పీచుకి మళ్లీ ఊపిరి వచ్చేది ఇక్కడే.

ఇలా పొంగిన దూదిని కొంచెం కొంచెం తీసి, చెక్క మీద పల్చగా పరిచి, నునుపైన పుల్ల చుట్టూ దొర్లించి ఏకు చేస్తారు. పుల్ల లాగేస్తే లోపల బోలుగా, వదులుగా, అంతటా ఒకే లావుతో ఏకు మిగులుతుంది. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు. ఏకులో ఒకచోట దూది ఒత్తుగా ఉంటే నూలు అక్కడ లావెక్కుతుంది, పల్చబడితే తెగుతుంది. అందుకే చుట్టేటప్పుడు వేళ్లు దాన్ని చూడకుండానే కొలుస్తుంటాయి. చుట్టిన ఏకుని ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకుంటారు. అరటి దొప్ప లోపలి వైపు నున్నగా ఉంటుంది, కాబట్టి పీచు రేగదు. వడికేటప్పుడు ఏకుని పట్టుకునేది కూడా ఆ దొప్పతోనే, దాంతో చేతి చెమట దూదికి అంటదు. ఢాకాలో ఈ పనికి నున్నటి పాము చేప తోలు వాడేవారని టేలర్ రాశాడు. ఇక్కడ పెరట్లో దొరికేది అరటి.

ఇప్పుడు రాట్నం. పొందూరు రాట్నానికి 24 ఆకులు, ఒకే కదురు. అన్ని ఆకులుండటం వల్ల చక్రం బరువు చుట్టూ సమంగా పరుచుకుంటుంది, తిప్పేటప్పుడు ఎక్కడా కుదుపు రాదు. చక్రం మీదుగా పోయిన తాడు సన్నటి ఇనుప కదురుని తిప్పుతుంది. చక్రం పెద్దది, కదురు సూది లావు, కాబట్టి చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. కుడిచేయి చక్రం పిడి మీద, ఎడమచేయి ఏకు మీద. ఇవి కాక వడికే మనిషికి ఇంకే పనిముట్టూ లేదు. ఖాదీకే వాడే మరో రకం రాట్నం, అంబర్ చరఖాలో దూదిని సాగదీసే పని రోలర్లది. ఇక్కడ ఆ పని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చేస్తాయి.

కదురు మొన దగ్గర జరిగేది కాస్త నిలబడి చూడాలి. పోగుని కదురుకి ఏటవాలుగా పట్టుకుంటారు. కదురు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా మొన మీది పోగు చుట్ట జారి కింద పడుతుంది. జారినప్పుడల్లా పోగులోకి ఒక పురి ఎక్కుతుంది. చక్రం తిరుగుతుంటే పురి పోగు వెంట ఏకు దాకా పాకుతుంది. అదే సమయంలో ఎడమచేయి మెల్లగా వెనక్కి, పైకి పోతుంది. ఏకులోంచి పీచు జారి పోగు అవుతుంది. చేయి చాపినంత మేరా పోగు వచ్చాక చక్రాన్ని కొద్దిగా వెనక్కి తిప్పుతారు. మొన మీద మిగిలిన చుట్టలు విడిపోతాయి. అప్పుడు చేయి పక్కకి దించి పోగుని కదురుకి అడ్డంగా నిలిపి, చక్రం ముందుకి తిప్పితే వచ్చిన పోగంతా కదురు మీద చుట్టుకుంటుంది. మళ్లీ ఏటవాలు, మళ్లీ పురి. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి.

ఇంతవరకూ ఎవరైనా వారంలో పట్టుకోగలరు. అసలు నేర్పు పురికీ సాగుకీ మధ్య ఉంది. పురికి ఒక స్వభావం ఉంది: పోగులో ఎక్కడ సన్నగా ఉంటే అక్కడికి ముందు పోతుంది. సన్నచోట్ల పురి బిగుసుకుంటుంది, బిగుసుకున్నచోట పీచు ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తుంది. లావుచోట్ల పురి తక్కువ, కాబట్టి అక్కడ పీచు ఇంకా వదులుగా ఉంటుంది, జారడానికి సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు పోగుని మెల్లగా సాగదీస్తే సాగేది లావుచోటే. అది సాగి సన్నబడగానే పురి అక్కడికీ పాకి దాన్నీ బిగిస్తుంది. అంటే పోగు తన ఎగుడుదిగుళ్లని తానే దిద్దుకుంటుంది. మనిషి చేయాల్సిందల్లా దానికి ఆ అవకాశం ఇవ్వడం. తొందరపడి లాగితే పురి అందక తెగుతుంది. ఆలస్యం చేస్తే పురి లావుచోటికీ ఎక్కేసి అక్కడే గట్టిపడిపోతుంది, ఇక అది సన్నబడదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందు రెప్పపాటు కంటే పెద్దది కాదు. 100 కౌంటు వడికే మనిషి రోజంతా ఆ సందులోనే ఉంటుంది.

నేర్పే మనిషి దీన్ని ఇన్ని మాటల్లో చెప్పదు. ఒక వసారాలో పెద్దామె పక్కన కోడలు వరసామె కొత్తగా వడుకుతోంది. పోగు మాటిమాటికీ తెగుతోంది. ‘‘తెగిపోతంది పెద్దమ్మా’’ అంది. పెద్దామె తన రాట్నం ఆపలేదు. ‘‘లాగీకే పిల్లా. సెయ్యి ఒగ్గీ, అదే వస్తాది’’ అంది. ఆ తర్వాత చేయి చాపి కోడలి ఎడమ మణికట్టు కింద తన రెండు వేళ్లు ఆనించి, అలాగే పట్టుకుని నాలుగు పోగులు తీయించింది. లాగాల్సిన బలం ఎంతో మాటతో చెప్పడానికి కుదరదు. మణికట్టు ద్వారా చెప్పింది. అయిదో పోగు కోడలు ఒంటరిగా తీసింది, తెగలేదు. ఇద్దరిలో ఎవరూ దాన్ని గురించి ఏమీ అనలేదు.

ఈ ఆడవాళ్లు పని చేస్తూ మాట్లాడుకుంటారు. ఇంటి సంగతులు, పెళ్లి సంబంధాలు, పింఛను రాలేదన్న గొడవ, అన్నీ వస్తాయి. మాట ఆగదు కానీ ఏకు పట్టుకున్న వేళ్ల మీంచి ధ్యాస పోదు. పోగు తెగబోయే ముందు వేళ్ల మధ్య పీచు ఒక్కసారి తేలికవుతుంది, ఆ తేలికదనం అందగానే చక్రం నెమ్మదిస్తుంది. ఏకాగ్రత అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమని మనకి అలవాటైన మాట. ఇక్కడ అది కళ్లు తెరిచి, నలుగురి మధ్య, నోటి నిండా కబుర్లతో సాగుతుంది. నాకు ఇదే ఎక్కువ గొప్పగా తోస్తుంది, ఎందుకంటే దీని నాణ్యతని కొలిచి చూడొచ్చు.

కొలత ఇలా. కదురు నిండాక నూలుని చెక్క చట్రానికి చుట్టి చిలప తీస్తారు. ఖాదీ లెక్కలో చిలప అంటే 1000 మీటర్లు. కౌంటు అనే మాట పాత ఇంగ్లీషు తూకంలోంచి వచ్చింది. 840 గజాల చిలపలు ఎన్నయితే ఒక పౌను తూగుతాయో అది కౌంటు. 100 కౌంటు అంటే ఒక పౌనులో 84,000 గజాలు. మన లెక్కలోకి మారిస్తే ఒక్క గ్రాము పత్తిలోంచి దాదాపు 169 మీటర్ల నూలు. వెయ్యి మీటర్ల చిలప మొత్తం ఆరు గ్రాములు కూడా తూగదు. ఒక కిలో నూలు విప్పి పరిస్తే 169 కిలోమీటర్లు పోతుంది, పొందూరు నుంచి బయల్దేరి విశాఖపట్నం దాటి ఇంకా మిగులుతుంది. ఆ పొడుగంతా ఒక మనిషి వేళ్ల మధ్య నుంచి వచ్చింది, ప్రతి మీటరూ.

నేత దగ్గర కథ వేరే చేతులకి మారుతుంది, నేను దాన్ని క్లుప్తంగానే చెబుతాను. చేత్తో వడికిన ఒంటి పోగు మగ్గం మీది రాపిడికి తట్టుకోవాలంటే ముందు గంజి పట్టాలి. పడుగుని పొడుగ్గా చాచి గంజి పెట్టి, పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా కుంచెతో దువ్వుతూ ఆరబెడతారు. పొద్దుటి పూట, ఎండ ముదరకముందు. పత్తి పీచుకి తడి తగిలితే బలం పెరుగుతుంది, ఎండిపోతే పెళుసవుతుంది. సముద్రం దగ్గరున్న జిల్లా గాలిలోని తేమ వడికేవాళ్లకీ నేసేవాళ్లకీ తోడు. ఆ తర్వాత పడుగు గుంట మగ్గం ఎక్కుతుంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కాలికింది చెక్కలు తొక్కితే పడుగు రెండు పొరలుగా విడిపోతుంది, మధ్యలోంచి నాడె పేకని తీసుకుని పోతుంది, పలక దాన్ని బట్ట అంచుకి తెచ్చి కొడుతుంది. గుంట మగ్గంలో పడుగు నేలకి దగ్గరగా ఉండటం వల్ల ఆ మట్టి చల్లదనమూ పోగులకి అందుతుంది. మిల్లు నూలు నేసే చేతికి ఈ నూలు వెంటనే లొంగదు. పలక దెబ్బ తగ్గించాలి, తెగిన పోగుని ముడి తెలియకుండా అతకాలి. ఈ నూలు నేసే చేయి వేరేగా తయారవ్వాలి.

ఒక చీర లెక్క వేసి చూద్దాం. మీటరు పన్నా, ఆరు మీటర్ల పొడుగు, సెంటీమీటరుకి 30 పోగులు అనుకుంటే పడుగులో 3000 పోగులు. ఒక్కోటి ఆరు మీటర్లు, మొత్తం 18 కిలోమీటర్లు. పేక కూడా దాదాపు అంతే పడుతుంది. అంటే 36 కిలోమీటర్ల నూలు, 36 చిలపలు. 100 కౌంటు అయితే చీర మొత్తం 215 గ్రాముల లోపు. చేతిలో మడత పెట్టుకున్న ఆ 215 గ్రాములని విప్పి వెలుతురుకి పట్టుకుంటే పోగు పోగుకీ రవంత తేడా కనిపిస్తుంది. ఒకటి కొంచెం నిండుగా, పక్కది కొంచెం సన్నగా. ఆ తేడా లోపం కాదు. వేళ్లు తీసిన నూలు అన్న సాక్ష్యం అది. ఉతికేకొద్దీ ఆ నూలు పొంగి బట్ట మెత్తబడుతుంది. గాలి దానిలోంచి వచ్చిపోతుంది. ఈ ఉక్కపోత రాష్ట్రాల్లో అంతకంటే సుఖమైన బట్ట నేను ఎరగను.

ఈ పని ఇప్పుడు చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు. అమ్మాయిలు నేర్చుకోవట్లేదని నిందించడం తేలిక. కారణం కూలి లెక్కలో ఉంది. వడికేవాళ్లకి కూలి చిలపకి ఇంత అని వస్తుంది. వేళ్లకి పురికీ సాగుకీ మధ్య ఉన్న ఆ సందు దొరికేదాకా, అంటే నెలల తరబడి, పోగు తెగుతూనే ఉంటుంది. నేర్చుకునే పిల్లకి చిలప రాదు, కాబట్టి కూలీ రాదు. పైగా దువ్వడం, గింజ తీయడం, ఏకడం, ఏకు చుట్టడం, ఇవన్నీ ఆ చిలప ధరలోనే కలిసిపోయాయి. సన్నదనానికి మూలమైన పనికి విడిగా విలువ కట్టేవాడు లేడు. వెనకటికి ఇంట్లో పుట్టిన పిల్ల ఆ కష్టకాలాన్ని అమ్మ పక్కన ఆడుతూ దాటేసేది. ఇప్పుడు ఆ పిల్ల చదువుకుంటోంది, చదువుకోవాలి కూడా. పెళ్లయి వచ్చిన కోడలో, ముప్పై ఏళ్లకి నేర్చుకోవాలనుకున్న మరో ఇంటి ఆడమనిషో దాన్ని దాటాలంటే ఎవరో ఒకరు ఆ నెలలకి డబ్బివ్వాలి.

కాబట్టి ఖాదీ సంస్థలనీ, ప్రభుత్వాలనీ అడగాల్సింది ఇది: నేర్చుకునే ఆడవాళ్లకి చిలప లెక్కన కాకుండా రోజు లెక్కన కూలి ఇవ్వండి, నేర్పే పెద్దామెకి నేర్పినందుకు విడిగా ఇవ్వండి, దువ్వి ఏకు చుట్టే పనికి వేరే ధర కట్టండి. దేశవాళీ పత్తి వేసే రైతుకి కొనేవాడున్నాడన్న భరోసా ఇవ్వండి. కొనే మనం చేయగలిగింది కూడా ఉంది. పొందూరు ఖాదీ అని ఎవరైనా అమ్మితే ఖాదీ మార్క్ ఉందో లేదో చూడండి, ఏ కౌంటో అడగండి, నూలు ఎక్కడ వడికారో అడగండి. మర నూలు బట్ట పక్కన పెట్టి ధర బేరమాడకండి. వీలైతే ఒకసారి పొందూరు వెళ్లండి. బట్టల కొట్టుకి పోయే ముందు వడికే ఇంటికి పోయి, రాట్నం కంటే ముందు ఆ దవడని చూపించమని అడగండి.